మూసీ లెక్క తేల్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య



సైదాబాద్‌లో ఉండి చదువుకునే మనకు మూసీ నది కొత్త కాదు. అంబర్‌పేట వైపు వెళ్లాలన్నా, కోఠి వైపు వెళ్లాలన్నా మూసీ దాటాల్సిందే. ఏడాదిలో పది నెలలు ముక్కు మూసుకొని దాటుతాం. ఆ నల్లటి నీళ్లను చూసి ఇది కూడా ఒక నదేనా అనుకుంటాం. అయితే ఈ నది ఒకప్పుడు ఒక్క రోజులో వేల మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఒక మనిషి వచ్చి, ఈ నది ఎందుకు పొంగింది, మళ్లీ పొంగితే ఏం చేయాలి అని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఖైరతాబాద్ చౌరస్తాలో విగ్రహంగా ఆయనను మనమందరం చూశాం. సెప్టెంబర్ 15న ఇంజనీర్ల దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజు అని కూడా తెలుసు. కానీ ఆయన జీవితం, అందులో మన నగరానికి సంబంధించిన భాగం, తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆ మహనీయుని గురించి రాయాలని మేము అనుకున్నాం. గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయడం అలవాటు. మేము మాత్రం మనకు నొప్పి కలిగించే విషయం కూడా దాచకుండా రాస్తున్నాం.

ముద్దెనహళ్లి నుండి పూనా దాకా

విశ్వేశ్వరయ్య పూర్వీకులది మన తెలుగు నేల. ప్రకాశం ప్రాంతంలో గిద్దలూరు దగ్గర మోక్షగుండం అనే ఊరు ఉంది. అక్కడి నుండి వలస వెళ్లి మైసూరు సంస్థానంలో స్థిరపడిన కుటుంబం కాబట్టి ఆ ఊరి పేరే ఇంటి పేరుగా నిలిచింది. ఆయన 1861 సెప్టెంబర్ 15న చిక్కబళ్లాపురం దగ్గరున్న ముద్దెనహళ్లిలో పుట్టారు. కొన్ని పుస్తకాల్లో 1860 అని కూడా ఉంటుంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. చదువు ఉన్న ఇల్లే గాని డబ్బు ఉన్న ఇల్లు కాదు. పైగా చిన్నతనంలోనే తండ్రి పోయారు.

చిక్కబళ్లాపురంలో చదువు అయ్యాక బెంగళూరు చేరారు. పెద్దింటి పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఆ వచ్చిన దానితో తన చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కాలేజీ నుండి బి.ఏ. పూర్తి చేశారు. అంతటితో ఆగిపోతే ఏదో ఆఫీసులో గుమాస్తాగానో, బడిలో పంతులుగానో బతుకు వెళ్లిపోయేది. కానీ మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది. దానితో పూనా వెళ్లి కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో ఇంజనీరింగ్ చదివి, 1883లో బొంబాయి రాష్ట్రం మొత్తానికి మొదటివాడిగా నిలిచారు.

తమ్ముళ్లు ఈ స్కాలర్‌షిప్ సంగతి గుర్తు పెట్టుకోవాలి. దీని దగ్గరికి మేము మళ్లీ వస్తాం.

నీళ్లతో పాతికేళ్లు

1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. దాదాపు పాతికేళ్ల ఉద్యోగంలో ఆయన చేతికి వచ్చిన పనుల్లో ఎక్కువ భాగం నీళ్లతో ముడిపడినవే. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి తాగునీరు ఇవ్వాల్సి వచ్చినప్పుడు నది నీరు బురదగా ఉంది. శుద్ధి చేసే పెద్ద ఏర్పాటుకు డబ్బు లేదు. నది అడుగున ఉండే ఇసుక పొరనే వడపోతగా వాడుకొని, దాని కింద నుండి వచ్చే తేట నీటిని తోడేలా ఏర్పాటు చేశారు.

పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు 1903 నాటికి ఆయన రూపొందించిన తలుపులు అమర్చారు. ఆనకట్టను ఎత్తు చేయకుండానే సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిపే ఏర్పాటు అది. నీరు ఒక మట్టం దాటగానే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. వరద తగ్గగానే వాటంతట అవే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరద వస్తే తలుపు తీసే మనిషి నిద్ర లేస్తాడా లేదా అన్న భయం లేదు. 1906లో ఆయనను ఏడెన్ పంపించారు. వాన చాలా తక్కువగా పడే ఆ ఓడరేవుకు నీళ్లు, మురుగు కాలువల పథకం తయారు చేసి వచ్చారు.

ఇంత చేసినా ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వంలో ఒక భారతీయుడు చీఫ్ ఇంజనీరు పదవి దాకా వెళ్లడం జరిగే పని కాదు. ఈ సంగతి తెలిసి 1908లో ఆయన ముందుగానే ఉద్యోగం వదిలేసి, విదేశాలు చూడటానికి బయలుదేరారు. ఆయన ఇటలీలో ఉండగా హైదరాబాద్ నుండి పిలుపు వచ్చింది.

1908 సెప్టెంబర్ 28

ఆ పిలుపు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ ఏడాది సెప్టెంబర్ నెలకు వెళ్లాలి. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. సెప్టెంబర్ 26 నుండి వాన పట్టుకుంది. 27 రాత్రి కుండపోతగా మారింది. 28 తెల్లవారేసరికి మూసీ రెండు ఒడ్లు దాటి ఊళ్లోకి వచ్చేసింది. అఫ్జల్ పూల్, ముసల్లం జంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద దెబ్బకు నిలవలేదు. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ నిలబడింది. అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఉంది, అక్కడ ఏటా సెప్టెంబర్ 28న మృతులను తలచుకుంటారు.

చనిపోయినవాళ్లు సుమారు 15,000 మంది అని అంచనా. దాదాపు 19,000 ఇళ్లు కూలాయి. 80,000 మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. ఎవరి ఇళ్లు ముందు కూలి ఉంటాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మట్టి గోడల ఇళ్లు, నది ఒడ్డున పల్లంలో ఉన్న ఇళ్లు. పల్లంలో స్థలం ఎప్పుడూ చవక. చవక స్థలంలో ఎప్పుడూ పేదవాళ్లే ఉంటారు. వందేళ్ల కింద అయినా, ఇప్పుడైనా ఇందులో మార్పు లేదు.

లెక్క తేల్చిన తీరు

విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చి పని మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబర్ మొదట్లో నివేదిక ఇచ్చారు. అంటే ఆరు నెలలు కూడా పట్టలేదు. ఆ ఆరు నెలల్లో ఆయన చేసిన పని క్రమం గమనిస్తే మనకు చదువులో కూడా పనికొస్తుంది.

జనం ఈ వరదను దేవుడి ఆగ్రహం అనుకున్నారు. ఆయన ముందుగా ఎంత వాన పడింది, ఎక్కడ పడింది అని అడిగారు. నగరంలో పడిన వాన మాత్రమే చూడలేదు. ఎగువన శంషాబాద్ వంటి చోట్ల కొలిచిన లెక్కలు, చుట్టుపక్కల రాష్ట్రాల్లో గతంలో పడ్డ పెద్ద వానల లెక్కలు తెప్పించారు. ఒకసారి పడిన వాన మరోసారి పడవచ్చు, ఇంకా ఎక్కువ కూడా పడవచ్చు అన్నది ఆయన ఆలోచన.

తర్వాత నీరు ఎక్కడి నుండి వచ్చింది అని చూశారు. నగరానికి పైన మూసీకి నీరు వచ్చే పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు ఉన్నాయి. అంటే ఇంచుమించు మైలుకు ఒక చెరువు. వీటిలో 221 చెరువులకు ఆ వానలో గండ్లు పడ్డాయి. ఇదే అసలు సంగతి. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అది కూడా తెగుతుంది. గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే మొత్తం ఊడినట్టు, వరుసగా చెరువులు తెగి నది మీద పడ్డాయి. మామూలుగా వరదను ఆపే చెరువులే ఆ రోజు వరదను పెంచాయి. చెరువులు ఉండటం ఒక్కటే చాలదు, కట్ట గట్టిగా ఉండాలి, మత్తడి సరిపోయేంత వెడల్పు ఉండాలి.

నగరం దగ్గర నదిలో ఆ రోజు సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు, అంటే 4,25,000 క్యూసెక్కులు పారిందని లెక్క కట్టారు. నగరం మధ్యలో నదికి ఉన్న దారిలో అంత నీరు పట్టదు. దీనికి రెండు దారులు. ఒకటి, నగరం మధ్యలో నదిని బాగా వెడల్పు చేయడం. అలా చేయాలంటే రెండు వైపులా ఇళ్లు కొట్టాలి. రెండోది, ఆ నీటిని నగరానికి రానివ్వకుండా పైనే కొంతసేపు ఆపి, నది మోయగలిగినంత మాత్రమే వదలడం. ఆయన రెండో దారిని ప్రధానంగా ఎంచుకున్నారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలన్నారు. దానితో పాటు నగరంలో నది ఒడ్లు ఎత్తు చేయడం, ఒడ్డు వెంట రోడ్లు, తోటలు వేయడం, మురుగునీటికి వేరే కాలువలు కట్టడం కూడా నివేదికలో చేర్చారు.

ఈ లెక్కను మేము మరోలా వేసి చూశాం. తమ్ముళ్లు కూడా కాగితం మీద వేసి చూడండి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల చొప్పున వస్తే ఒక టీఎంసీ నిండటానికి సుమారు 39 నిమిషాలు పడుతుంది. ఉస్మాన్ సాగర్ సామర్థ్యం సుమారు 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్ సామర్థ్యం సుమారు 3 టీఎంసీలు. రెండూ ఖాళీగా ఉన్నాయనుకున్నా, అంత వరద అలాగే వస్తే నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. అయితే వరద శిఖరం ఎక్కువసేపు ఉండదు. ఆ కొద్ది గంటలు ఆపగలిగితే ఊరు దక్కుతుంది. కానీ ఆ రోజుకు జలాశయంలో ఖాళీ ఉంటేనే ఇది కుదురుతుంది. ముందే నిండి ఉన్న చెరువు వరదను ఆపలేదు. తాగునీటి కోసం చెరువు నింపి ఉంచాలి, వరద కోసం ఖాళీగా ఉంచాలి. ఈ రెండింటి మధ్య ఎంత నింపాలి, ఎప్పుడు వదలాలి అన్నది నేటికీ మన నగరానికి తేలని చిక్కే.

కాగితం మీది నుండి నేల మీదికి

నివేదిక ఇచ్చాక విశ్వేశ్వరయ్య మైసూరు వెళ్లిపోయారు. కట్టింది ఆయన కాదు, మిగతా ఇంజనీర్లు, వేలాది కూలీలు. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో పనులు సాగాయి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట చెరువు అని పిలిచేది ఉస్మాన్ సాగర్‌నే. వరద కోసం కట్టిన ఈ రెండు చెరువులే తర్వాత నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. 1912లో నగర అభివృద్ధి బోర్డు ఏర్పడి, ఇరుకు వాడలను బాగుచేయడం, రోడ్లు వెడల్పు చేయడం, కొత్త ఇళ్లు కట్టడం చేపట్టింది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి నది ఒడ్డున లేచాయి. విశ్వేశ్వరయ్యను ఆ తర్వాత కూడా హైదరాబాద్ పిలిపించి, 1922లోను, 1930 ప్రాంతంలోను మురుగుకాలువల పనులపై సలహాలు తీసుకున్నారు.

మైసూరులో కొలువు, ఒక అభిప్రాయ భేదం

1909 నవంబర్‌లో మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరుగా చేరారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ ఆనకట్ట పనులు 1911లో మొదలయ్యాయి. 1912లో మహారాజు ఆయనను దివానుగా నియమించారు. ఆయన దివానుగా ఉన్న ఆరేళ్లలో 1913లో మైసూరు బ్యాంకు, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. పిల్లలందరూ బడికి రావాలన్న నిర్బంధ విద్య కొన్ని చోట్ల మొదలైంది. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

ఇక్కడే మనకు నొప్పి కలిగించే విషయం ఉంది. ఆ రోజుల్లో మైసూరు ప్రభుత్వ ఉద్యోగాల్లో దాదాపు అన్నీ ఒకే వర్ణం వారి చేతుల్లో ఉండేవి. మిగతా కులాల వాళ్లు ప్రజామిత్ర మండలి పేరుతో మహారాజును కలిసి ఉద్యోగాల్లో తమకూ వాటా ఇమ్మని అడిగారు. మహారాజు 1918లో న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీని వేశారు. విశ్వేశ్వరయ్య దీన్ని ఒప్పుకోలేదు. కులాన్ని బట్టి ఉద్యోగాలిస్తే పాలనలో సమర్థత తగ్గుతుందని, చదువు పెంచితే అందరూ వాళ్లంతట వాళ్లే పైకి వస్తారని ఆయన నమ్మకం. ఈ భేదంతోనే 1918 చివరలో దివాన్ పదవి వదులుకున్నారు. కమిటీ నివేదికను మహారాజు ఆ తర్వాత అమలు చేశారు. దక్షిణ భారతంలో రిజర్వేషన్ల చరిత్రలో అది ఒక మైలురాయి.

సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో తిని, రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకొని, మా ఇళ్లలో డిగ్రీ ముఖం చూసిన మొదటి తరంగా మేము ఈ విషయం మీద మాట్లాడకుండా దాటిపోలేం. నిజాయితీ గల మనిషి, తాను నమ్మిన దాని కోసం అంత పెద్ద పదవిని వదులుకున్నారు, అది గౌరవించాల్సిందే. కానీ ఆయన నమ్మింది తప్పని మేము అనుకుంటున్నాం. పూనాలో ఆయన మొదటి ర్యాంకు ఆయన తెలివితో వచ్చింది. పూనా దాకా ఆయనను చేర్చింది మాత్రం ప్రభుత్వ స్కాలర్‌షిప్. ఆ స్కాలర్‌షిప్‌కు అర్జీ పెట్టుకునే దాకా వెళ్లడానికి బి.ఏ. ఉండాలి, బి.ఏ. దాకా వెళ్లడానికి బడి తలుపు తెరిచి ఉండాలి. ఆ బడి తలుపే తెరవని ఇళ్లు ఆనాడు ఎన్ని లక్షలో. అందరికీ ఒకే వాన పడుతుంది, నిజమే. కానీ మెరకలో ఇల్లు ఉన్నవాడికి, పల్లంలో ఇల్లు ఉన్నవాడికి అది ఒకటి కాదు. నదికి చోటు విడిచిపెట్టాలని లెక్క వేసి చెప్పిన మనిషి, వెనకబడినవాళ్లకు చోటు విడిచిపెట్టాలన్న లెక్కను ఒప్పుకోలేకపోయారు. ఈ రెండూ తెలిసినా మేము ఆయన పని నుండి నేర్చుకుంటాం. మనకు కావలసింది ఆయన లెక్క. ఆ లెక్క ఎవరిదైనా లెక్కే.

పదవి వదిలాక కూడా ఆయన ఖాళీగా కూర్చోలేదు. భద్రావతి ఇనుము కర్మాగారం బాధ్యత చూశారు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం రాశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండిన వయసులో బెంగళూరులో కన్నుమూశారు.

ఆయన తర్వాత మనం చేసిన పని

ఆయన లెక్క వేసిన రోజుల్లో మూసీ పరీవాహకమంతా పొలాలు, గుట్టలు, చెరువులు. మట్టి కొంత నీటిని తాగుతుంది, చెరువు కొంత ఆపుతుంది, మిగిలింది నదికి వస్తుంది. ఇప్పుడు అదే నేల మీద సిమెంటు ఉంది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. ఒక ఎకరం మీద అంత వాన పడితే సుమారు 9 లక్షల 70 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 190కి పైగా అన్నమాట. ఆ ఎకరం మట్టిగా ఉంటే అందులో కొంతైనా ఇంకుతుంది. ఇళ్లు, రోడ్లు, సెల్లార్లు అయితే దాదాపు అంతా కిందికి పారుతుంది. కింద ఎవరుంటారు?

2020 అక్టోబర్‌లో మళ్లీ చూశాం. కరోనా వల్ల హాస్టళ్లు మూతపడి అప్పుడు మనలో చాలామంది ఊళ్లలో ఉన్నారు. బాలాపూర్ దగ్గర గుర్రం చెరువుకు, చాంద్రాయణగుట్ట దగ్గర పల్లె చెరువుకు గండ్లు పడి పాతబస్తీ కాలనీలు మునిగాయి. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్, సీసలబస్తీ ఇళ్లలో నీళ్లు నిలిచాయి. 1908లో 221 చెరువుల గండ్ల గురించి ఆయన రాసింది చదివి నేర్చుకోలేదని అక్టోబర్ 2020 మనకు చెప్పింది. 2025 సెప్టెంబర్ 26, 27 తేదీల్లో జంట జలాశయాల గేట్లు ఎత్తి నీరు వదిలితే మహాత్మాగాంధీ బస్టాండ్‌లోకి మూసీ వచ్చింది, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తెచ్చారు. మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ పక్క బస్తీలు నీట మునిగాయి. అప్పుడు వదిలింది 1908 వరదలో పదోవంతు కూడా కాదు. నదిలో చోటు ఎంత తగ్గిపోయిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

చట్టాలు లేక కాదు. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను సడలిస్తూ 69 జీవో ఇచ్చారు. 2012 భవన నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపై ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు, నగరం లోపల నదికి 50 మీటర్లు వదలాలని రాశారు. 2024లో చెరువుల ఆక్రమణల మీద హైడ్రా అనే సంస్థ ఏర్పడింది. అదే ఏడాది మూసీ గర్భంలో ఉన్న శంకర్‌నగర్ వంటి బస్తీల ఇళ్లను ఖాళీ చేయించి కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. నదికి చోటు ఇవ్వాలన్నది సరైనదే. కానీ పేదవాడి గుడిసె తీయడం సులువు, పెద్దవాడి ఫాంహౌస్ తీయడం కష్టం. తీసిన చోట నుండి పిల్లల బడి, తల్లి ఇళ్లలో చేసే పని దూరమైతే ఆ కుటుంబం ఒడ్డున ఉన్నా మునిగినట్టే. ఇల్లు ఒక్కటే ఇచ్చి, బతుకు ఇవ్వకపోతే వాళ్లు మళ్లీ ఏదో ఒక నాలా పక్కకే చేరతారు.

బయటి దేశాల్లో కూడా ఇది నేర్చుకున్నారు. సముద్రం కంటే పల్లంగా ఉండే నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి దాదాపు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత కట్టలు ఎత్తు చేస్తూ పోవడం మాని, కొన్ని చోట్ల కట్టలు వెనక్కి జరిపి, మొత్తం 30కి పైగా చోట్ల నదికి చోటు వదిలారు. పొలాలు పోయిన రైతులతో ముందే కూర్చొని మాట్లాడి, పరిహారం ఇచ్చి చేశారు.

ప్లాటు కొనేముందు

మన ఇళ్లలో మొదటి ఉద్యోగం వచ్చినవాడు అప్పు చేసైనా చేసే మొదటి పని ప్లాటు కొనడం. అమ్మానాన్నల కోరిక అది. అందులో తప్పు లేదు. కానీ మన దగ్గర ఉన్న డబ్బుకు దొరికేది చవక ప్లాటే. అది ఎందుకు చవకో అడగాలి. అందుకే కొన్ని మాటలు.

రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది అంటే భూమి మంచిదని కాదు. శిఖం భూమికి కూడా ఇవన్నీ వచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. సర్వే నంబరు తీసుకొని గ్రామ నక్షాలో చెరువు, కుంట, నాలా ఎక్కడున్నాయో చూడాలి. చెరువు పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడిదాకా ఉందో నీటిపారుదల శాఖలో అడగాలి. ఎండాకాలంలో చూసిన ప్లాటును ఆగస్టులో మళ్లీ చూడాలి. ఆ ఊళ్లో పశువులు కాసిన ముసలాయనను అడగాలి, వానకు నీళ్లు ఎటు వెళ్లేవని. ఆయనకు నక్షా కంటే బాగా తెలుసు.

పల్లంలో మట్టి పోసి మెరక చేస్తే సరిపోతుంది కదా అంటారు. మట్టి పోసినంత చోట నిలవాల్సిన నీరు మాయం కాదు, పక్కవాడి ఇంట్లోకి వెళ్తుంది. అక్కడ ఎంత మట్టి పోస్తే అంత నీరు పట్టే చోటు ఇంకో దగ్గర తవ్వాలి. లేఅవుట్ వేసేవాళ్లు అందులో అన్నిటికంటే పల్లంగా ఉన్న భాగాన్ని ప్లాట్లుగా కోయకుండా పార్కుగా, ఆటస్థలంగా వదలాలి. వరద వచ్చినప్పుడు రెండు రోజులు నీళ్లు నిలిచినా అక్కడ ఎవరూ చావరు. నాలా మీద స్లాబు వేయకూడదు. ఇళ్ల పునాది మట్టం గతంలో వచ్చిన వరద మట్టం కంటే పైన ఉండాలి, కరెంటు మీటరు ఇంకా పైన ఉండాలి. విశ్వేశ్వరయ్య 1909లో వేసిన లెక్క, ఈ లెక్క ఒకటే. నీరు ఎంత వస్తుంది, దానికి చోటు ఎంత ఉంది, చోటు లేకపోతే అది ఎవరి ఇంట్లోకి వెళ్తుంది.

ముగింపు

మన హాస్టల్ నుండి వెళ్లిన అన్నలు కొందరు రెవెన్యూలో, కొందరు మున్సిపాలిటీలో, కొందరు ఇంజనీరింగ్ శాఖల్లో ఉన్నారు. లేఅవుట్ ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు ఒకసారి నక్షా తెరిచి చూడండి. మీరు చూడకుండా పెట్టిన సంతకం కింద ఇరవై ఏళ్ల తర్వాత మునిగేది ఎక్కువగా మనలాంటి వాళ్ల ఇళ్లే.

తమ్ముళ్లకు ఒక మాట. లెక్కలు రావని, ఇంగ్లీషు రాదని భయపడి సైన్స్ గ్రూపులు వదిలేస్తున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ట్యూషన్లు చెప్పుకొని చదివిన పిల్లవాడు ఒక నదిని కొలిచి, ఒక నగరాన్ని నిలబెట్టాడు. ఆయనకు ఒక్క స్కాలర్‌షిప్ దొరికింది. మనకు హాస్టల్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉంది. రేపు మూసీ లెక్క మళ్లీ వేయాల్సి వస్తుంది. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లలో పల్లంలో ఇల్లు ఉన్నవాళ్ల పిల్లలు కూడా ఉండాలి. వాళ్లు లేకపోతే ఆ లెక్కలో మన ఇళ్లు రావు.

- పూర్వ విద్యార్థుల తరఫున,
ఎం.ఏ. ద్వితీయ సంవత్సర విద్యార్థి